సున్నం చెట్లు, జేగురు చెట్లు

పుష్పావతి కూతురు యోగిత వారంలో నాలుగు రోజులు రాత్రి అన్నం పక్కింట్లో తింటుంది. పక్కిల్లంటే బాబాయి ఇల్లే. ఒకప్పుడు రెండూ కలిసి ఒకటే ఇల్లు. నాలుగేళ్ళ కిందట అన్నదమ్ములు విడిపోయినప్పుడు వసారా మధ్యలో గోడ లేచింది. డబ్బు చాలక దాన్ని తలుపు ఎత్తున ఆపేశారు. అందువల్ల సాయంత్రం ఏడుంబావు అయ్యేసరికి అవతల కంచాలు పెట్టిన చప్పుడు, మంచినీళ్ళు తెస్తూ సుభాష్ పిల్లలతో ఆడే పరాచికాలు, వాళ్ళ నవ్వులు ఇవతల సోఫాలో కూర్చున్న పుష్పావతికి ఒక్కటి కూడా తప్పకుండా వినిపిస్తాయి. కావాలంటే టీవీ గొంతు పెంచుకోవచ్చు. ఆమె పెంచదు, తగ్గిస్తుంది.

ఎందుకే అక్కడికి వెళ్ళడం అని కూతుర్ని ఒకసారి అడిగింది. పిన్ని కూరలు అంత బాగుంటాయా అని కూడా అడిగింది. ఇంటర్ చదివే పిల్ల అబద్ధం చెప్పలేదు. పిన్ని ఉప్పు తక్కువ వేస్తుందని ఒప్పుకుంది. "అక్కడ అందరూ ఉంటారు కదమ్మా," అంది. ఉప్పు తక్కువైన కూర కోసం గోడ దాటి వెళ్ళే పిల్లని పుష్పావతి మళ్ళీ అడగలేదు.

వాళ్ళ ఊరు నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు మీద ఉంది. పుష్పావతి భర్త నారాయణరావుకి, అతని తమ్ముడు సుభాష్‌కి తండ్రి వదిలి వెళ్ళింది ఐదెకరాల మామిడితోట. దాని మీద వచ్చేది సరిపోక ఇద్దరూ కలిసి తోటల వ్యాపారం చేసేవారు. పూత మీద ఉన్న తోట చూసి, కాపు ఎంత నిలుస్తుందో అంచనా కట్టి, ఆ ఏడాది పంటకి యజమానికి ముందే డబ్బు ముట్టజెప్పడం ఆ వ్యాపారం. నిలిస్తే కారు కొనొచ్చు, నిలవకపోతే ఉన్న కారు అమ్ముకోవచ్చు. తామరపురుగు పడిన ఏడాది వాళ్ళు ఏడు తోటలు పట్టి ఉన్నారు. తెల్లవారి చూసేసరికి పూత మాడిపోయిన తోటలు ఐదు. మిగిలిన రెండింటి కాపుతో కూలీల ఖర్చు కూడా రాలేదు. లెక్క తేలేసరికి ఇరవై రెండు లక్షల అప్పు.

అన్నదమ్ములు దెబ్బలాడుకోలేదు. తల్లి గోవిందమ్మ ఎదురుగా కూర్చుని అప్పు సగం సగం చేసుకున్నారు. చెరొక పదకొండు. ఇల్లు మధ్యకి పంచారు. గోవిందమ్మ నెలకొకరి దగ్గర వంతున ఉండాలన్నారు. తోట దగ్గరే చిక్కు వచ్చింది. బోరు ఉన్న వైపు చెట్లు బాగా కాస్తాయి, గుట్ట వైపువి అంతంత మాత్రం. మధ్యకి కోస్తే ఎవరో ఒకరికి అన్యాయం. ఊళ్ళో పెద్దలు అటువంటి తోటలకి ఎప్పుడూ చేసేదే చేశారు. వరస విడిచి వరస పంచారు. మొత్తం ఇరవై వరసలు. ఒకటో వరస అన్నది, రెండోది తమ్ముడిది, మూడోది మళ్ళీ అన్నది. తేడా తెలియడానికి అన్న చెట్ల మొదళ్ళకి సున్నం పట్టీ వేశారు, తమ్ముడి చెట్లకి ఎర్రటి జేగురు పట్టీ. చీడ మందు కొట్టేటప్పుడు, నీళ్ళు పెట్టేటప్పుడు మాత్రం రెండు రంగులకీ కలిపే.

అక్కణ్ణించి ఇద్దరూ చెరో దారి పట్టారు. నారాయణరావు పోయిన చోటే వెతుక్కుంటానని మళ్ళీ తోటలు పట్టాడు. మైలవరం వైపు ఒకటి, బాపులపాడు వైపు ఒకటి, ఎక్కడ దొరికితే అక్కడ. జనవరి నుంచి జూన్ దాకా ఇంట్లో ఉండేది తక్కువ. స్నానానికి వచ్చి బట్టలు మార్చుకుని వెళ్ళేవాడు. కారు ఉంచుకున్నాడు. బేరానికి వెళ్ళే మనిషి కారు దిగితే ఒక లెక్క, బండి దిగితే ఒక లెక్క అనేవాడు. పడకగదిలో ఏసీ పెట్టించాడు. నాలుగేళ్ళలో పదకొండు లక్షలు పదిహేడు అయింది.

సుభాష్ తన వాటాకి వచ్చిన పాత జీపు అమ్మేశాడు. భార్య మనోజ్ఞ గాజులు, హారం అమ్మి ఇచ్చింది. ఆ రెండూ కలిపి అప్పు ఒక్కసారే సగానికి దింపి, ఇకమీద పరాయి తోట గట్టు తొక్కనని చెప్పి, నూజివీడులో ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాసే పనికి కుదిరాడు. జీతం పద్నాలుగు వేలు. తొమ్మిదింటికి సైకిలు మీద రోడ్డెక్కి బస్సు అందుకుంటాడు, ఆరింటికల్లా ఇంట్లో ఉంటాడు. మనోజ్ఞ జాకెట్లు కుడుతుంది. ఆదివారం ఇద్దరూ పిల్లల్ని వెంటేసుకుని జేగురు చెట్ల కింద ఎండుకొమ్మలు కోసుకుంటూ, పాదులు చేసుకుంటూ మధ్యాహ్నం దాకా గడిపి, తెచ్చుకున్న క్యారేజీ అక్కడే తిని వస్తారు.

మొదటి ఏడాది పుష్పావతికి అదంతా చూస్తే నవ్వొచ్చేది. పాలకేంద్రం దగ్గర ఎవరైనా మరిది సంగతి అడిగితే, మా మరిది ఇప్పుడు సైకిలు పోటీలకి తయారవుతున్నాడని చెప్పేది. రెండో ఏడాది నవ్వు తగ్గింది. మూడో ఏడాదికి ఆమె తెలియకుండానే లెక్కలు చూడడం మొదలుపెట్టింది. మనోజ్ఞ ఈ నెలలో మొగుడితో కలిసి ఎన్నిసార్లు నడిచి వెళ్ళింది. సుభాష్ ఎన్నిసార్లు కూరగాయలు తరిగాడు. పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారు. తన కూతురికి డెంగ్యూ వచ్చినప్పుడు నారాయణరావు బాపులపాడు తోటలో కోత మీద ఉన్నాడు. ఫోన్లో డాక్టరుతో మాట్లాడాడు.

అసూయ అంటే ఎదుటివాళ్ళ బంగారం మీదో మేడ మీదో ఉండాలని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. మనోజ్ఞ మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. వంటింట్లో ఫ్రిజ్ పాడైతే బాగు చేయించలేదు, వేసవిలో కుండలో నీళ్ళే. అటువంటి ఇంటిని చూసి కడుపు మండుతోందని ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పినా నమ్మేవాళ్ళు ఎవరు? ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ వేసుకుని తలుపులు బిడాయించుకున్నా, మనోజ్ఞ వసారాలో చాప మీద పిల్లల పక్కన పడుకుని ఏదో కథ చెబుతున్నట్టు గొంతు లీలగా వస్తే పుష్పావతికి నిద్ర పట్టేది కాదు.

మార్చి నెల గోవిందమ్మ వంతు పెద్దకొడుకు ఇంట్లో. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పొద్దున కాఫీ తాగి గేటు దగ్గర అరుగు మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. దారిన పోయేవాళ్ళు ఆగి మాట్లాడకుండా పోలేరు. ఒకరోజు ఆవిడ కాఫీ గ్లాసు కోడలికి ఇస్తూ, సుభాష్ అప్పు ఈ మే నెలతో తీరిపోతుందట అంది. ఇంకా లక్షా యాభై ఐదు వేలే ఉందట, ఈసారి తోట మీద వచ్చేది దానికి సరిపోతుందట. పుష్పావతి మంచిదేగా అంది.

"తీరాక నేను అక్కడే ఉండిపోతానే," అంది గోవిందమ్మ. "ఈ వంతులు నావల్ల కాదు. మీ మావయ్య పోయినప్పుడూ అప్పు ఉంది. నేనైనా అప్పు లేని కప్పు కింద పోతాను."

అత్తగారు ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. అదే ఎక్కువ బాధ. ఎత్తిపొడుపైతే ఎదురు చెప్పొచ్చు. ముసలావిడ వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పి గేటు దగ్గరికి పోయింది. పెద్దకోడలు ఇంట్లో ఉండలేక అత్త చిన్నకోడలి దగ్గరికి పోయిందని ఊరంతా అనుకుంటారు. కూతురు ఇప్పటికే వారానికి నాలుగు రోజులు అటే. అత్త కూడా పోతే ఇవతల మిగిలేది ఏసీ, తను.

ఆ నెల రెండో వారంలో విస్సన్నపేట నుంచి షావుకారు లక్ష్మీనరసింహారావు తోట చూడ్డానికి వచ్చాడు. ఏటా ఐదెకరాల కాపూ గుత్తగా కొనేది ఆయనే. ఫోన్లో మాట అప్పటికే అయిపోయింది. చెరొక లక్షా అరవై వేలు. ఒకసారి కళ్ళతో చూసుకుని బయానా ఇవ్వడమే మిగిలింది. అన్నదమ్ములు ఇద్దరూ పనుల మీద ఉన్నారు. పుష్పావతి తోటలో గేదెకి గడ్డి కోస్తోంది.

షావుకారు వరసల వెంట నడుచుకుంటూ వచ్చి ఒక జేగురు చెట్టు దగ్గర ఆగి తల పైకెత్తాడు. కాయలు నిమ్మకాయంత ఉన్నాయి.

"ఇవి మీ మరిదిగారివా అమ్మా? కాయ బాగా పట్టిందే. మనిషి దగ్గరుండి చూసుకున్నట్టు తెలుస్తోంది."

అదే తోట, అదే నీళ్ళు, అదే మందు. పక్కన సున్నం చెట్టు కూడా అంతే కాసింది. మరి షావుకారు కంటికి ఏం కనబడిందో ఏమో, సున్నం చెట్టు వంక చూడలేదు. దగ్గరుండి చూసుకున్న మనిషి అన్న మాట పుష్పావతికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కొడవలి కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పైకి బాగానే ఉంటాయండీ. ఈసారి వాటిల్లో టెంకపురుగు పడిందన్నారు. కోస్తేగాని తెలీదు కదా."

టెంకపురుగు మామిడి వ్యాపారికి భయం పుట్టించే మాట. కాయ పిందెగా ఉన్నప్పుడే పురుగు లోపలికి చేరుతుంది. పైన చిన్న మచ్చ కూడా మిగలదు. కాయ పెరుగుతుంది, పండుతుంది, బాగా అమ్ముడుపోతుంది. కొన్నవాడు టెంక దాకా తిన్నాక బయటపడుతుంది. తరవాత ఆ షావుకారు పెట్టె ఏ మార్కెట్లోనూ ఎవరూ ముట్టుకోరు. పురుగు ఏడాదంతా చెట్టు బెరడు సందుల్లో దాక్కుని మళ్ళీ పూతకి లేస్తుంది.

లక్ష్మీనరసింహారావు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబులోంచి చాకు తీసి అక్కడా ఇక్కడా ఆరు కాయలు కోసి చూశాడు. లేత టెంకలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. చాకు పంచెకి తుడుచుకుని, వస్తానమ్మా అని బండెక్కి వెళ్ళిపోయాడు. పురుగు లేదు కదా, ఇంకేం అనుకుంది పుష్పావతి. మహా అయితే మరిది చెట్లకి ఐదో పదో వేలు తగ్గిస్తాడు. మే కాస్తా జూలై అవుతుంది. ఆ పూట ఆమె గడ్డి మోపు ఎప్పటికన్నా తేలిగ్గా ఎత్తుకుని ఇంటికి వచ్చింది.

మర్నాడు సాయంత్రం షావుకారు అన్నదమ్ములిద్దరినీ తోటకి పిలిపించి ధర చెప్పాడు. చెరొక లక్షా పద్దెనిమిది వేలు. జరిగిందంతా నారాయణరావు ఇంటికి వచ్చి పుష్పావతికి వివరంగా చెప్పాడు. ఎందుకు తగ్గించారని సుభాష్ అడిగితే, తోటలో పురుగు మాట వినబడిందని షావుకారు అన్నాడట. కాయలు కోసి చూడండి అంటే, చూశాను, కనబడలేదు, కానీ ఇంటి మనిషి నోటి నుంచి వచ్చాక చాకుని నేనెట్లా నమ్మను అన్నాడట. ఎవరన్నారో పేరు చెప్పమంటే, పేరెందుకు లెండి, మీ ఇంట్లో గొడవ నాకెందుకని దాటేశాడట.

"జేగురు చెట్లలో ఉందని విన్నారట," అన్నాడు నారాయణరావు. "మరి నా సున్నం చెట్లకి ఎందుకు తగ్గించావయ్యా అన్నాను. పురుగు మీ సున్నం చూసి ఆగుతుందా నారాయణరావు గారూ అన్నాడు. వరసకీ వరసకీ పది గజాలు లేదు, నేనైతే కొంటానా మీరే చెప్పండి అన్నాడు. నేనైనా కొనను."

పుష్పావతి చెంబుతో నీళ్ళిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నాలుగేళ్ళుగా ఆ తోటలో తిరుగుతూ ఆమె కళ్ళు రెండు తోటలు చూడడం అలవాటు చేసుకున్నాయి. ఒకటి తనది, ఒకటి వాళ్ళది. కొమ్మలు పైన ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్న సంగతి ఆ ఒక్క క్షణం గుర్తు రాలేదు. మనోజ్ఞ ఇంటికి తవ్విన గోతిలో నలభై రెండు వేలు అవతల పడ్డాయి, సరిగ్గా అంతే ఇవతల పడ్డాయి.

నాలుగు రోజుల్లో ఇంకో ఇద్దరు వ్యాపారులు వచ్చి చూశారు. పురుగు మాట వాళ్ళ చెవినీ పడింది. ఒకడు లక్షా పది అన్నాడు, ఇంకొకడు ఫోను చేస్తానని చెయ్యలేదు. చివరికి లక్ష్మీనరసింహారావుకే ఇచ్చేశారు. మేలో తీరాల్సిన సుభాష్ అప్పు ఇంకా ముప్ఫై ఏడు వేలు మిగులుతుంది. నారాయణరావుకి బాపులపాడు తోటకి కట్టాల్సిన రెండో విడత డబ్బు చేతికి రాలేదు.

ఇక ఇంటి మనిషి ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఎవరూ ఎక్కువసేపు ఆలోచించలేదు. గేటు దగ్గర కూర్చుని దారిన పోయే ప్రతివాడితోనూ మాట్లాడేది ఒక్కరే. నారాయణరావు తల్లి మీద గట్టిగానే లేచాడు. షావుకారు ఆ రోజు గేటు ముందు నుంచే వెళ్ళాడు, ఆపి ఏం వాగావు అని నిలదీశాడు. సుభాష్ అన్నయ్యా ఊరుకో అంటూనే, అమ్మా, ఎవరితోనైనా పురుగు గిరుగు అన్నావా, గుర్తు చేసుకో అని అడిగాడు.

గోవిందమ్మ కొడుకుల మొహాలు మార్చి మార్చి చూసింది.

"అన్నానేమో రా," అంది. "గుర్తు రావట్లేదు. ఈమధ్య ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియడం లేదు."

పుష్పావతి తలుపు పక్కన నిలబడి ఉంది. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ముసలావిడ గేటు దగ్గర కూర్చోవడం మానేసింది. వెనక గదిలో మంచం మీద ఉండి, కూరగాయల బండి వచ్చి పిలిచినా బయటికి రాలేదు. పలకరించిన వాళ్ళకి రెండు మాటల్లో జవాబు చెప్పి, ఎక్కువ మాట్లాడేశానా అన్నట్టు కోడలి వైపు చూసేది. ఒక రోజు చెంబు ఎక్కడ పెట్టిందో మర్చిపోయి, చూశావా, నాకు బుర్ర పనిచెయ్యడం లేదు అంది. చెంబు పుష్పావతే తీసింది.

తొమ్మిది రోజులు ఓర్చుకుంది. పదో రోజు పదకొండింటికి, సుభాష్ కొట్టుకి, పిల్లలు బడికి వెళ్ళాక గోడ చుట్టూ తిరిగి పక్కింట్లోకి వెళ్ళింది. మనోజ్ఞ మిషను తొక్కుతోంది. రండి అక్కా అని కుర్చీ జరిపింది. పుష్పావతి కూర్చోలేదు.

"షావుకారుతో అన్నది అత్తయ్య కాదు. నేను."

మిషను ఆగింది. మనోజ్ఞ సూది కింద బట్ట అలాగే పట్టుకుని ఉంది.

"ఎందుకన్నారు?"

"మీ అప్పు తీరిపోతోందని."

ఆ మాట బయటికి వచ్చాక పుష్పావతికే వింతగా అనిపించింది. ఇంకేదన్నా చెబుదామని చూసింది, లేదు. మనోజ్ఞ బట్ట మీది దారప్పోగు తుంచింది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అని చూసింది పుష్పావతి. అరిస్తే తనకీ కాస్త సులువుగా ఉండేది.

"మీ ఏసీ చప్పుడు మాకూ వినబడుతుందక్కా," అంది మనోజ్ఞ చివరికి. "మే నెలలో పిల్లాడు ఒళ్ళంతా చెమటకాయలతో గోకుతుంటే, గోడ వంక చూస్తూ విసనకర్ర ఊపేదాన్ని. నేను మీ గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు."

తప్పయిపోయింది అంది పుష్పావతి.

"అది అత్తయ్యకి చెప్పండి. ఆవిడకి మతి పోతోందని మా ఆయన నూజివీడులో డాక్టరు కోసం వాకబు చేస్తున్నారు. ఆయనకీ మీరే చెప్పండి, నేను చెప్పను." మళ్ళీ మిషను మీదికి వంగి, తల ఎత్తకుండా అంది. "నలభై రెండు వేలు ఎప్పుడిస్తారో కూడా చెప్పండి."

ఈ మాట పుష్పావతి ఊహించలేదు. తప్పు ఒప్పుకుంటే అక్కడితో అయిపోతుందని మనిషికి ఎక్కడో ఉంటుంది. మావీ నలభై రెండు వేలు పోయాయని అనబోయింది. మనోజ్ఞ కాలు అప్పటికే పెడలు మీదికి పోయింది. పుష్పావతి గుమ్మం దగ్గర నిలబడి తనకి సొంతంగా చేతికి వచ్చే డబ్బు ఏదో ఆలోచించుకుంది. గేదె పాలు. దాణా ఖర్చు పోను నెలకి మూడున్నర వేలు మిగులుతుంది. అవి ఇన్నాళ్ళూ చీరలకి, చిట్టీకి పోయేవి.

"మే నుంచి నెలకి మూడున్నర ఇస్తాను," అంది.

"సరే," అంది మనోజ్ఞ.

గోవిందమ్మకి చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. వెనక గదిలో మంచం పట్టె మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. ముసలావిడ అంతా విని, ఇంకొకసారి చెప్పమంది. రెండోసారి విన్నాక మొహంలో కోపం కోసం వెతికిన కోడలికి కనబడింది వేరే.

"అయితే నేను కాదన్నమాట," అంది గోవిందమ్మ. లేచి చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి పోయింది. పావుగంట తరవాత అక్కణ్ణించి కాఫీ పంపమని కేక వేసింది. కోడల్ని తిట్టడం ఆ మర్నాడు మొదలుపెట్టి వారం పాటు నింపాదిగా తిట్టింది.

అన్నదమ్ములిద్దరికీ కూడా ఆ రాత్రే తనే చెప్పింది. నారాయణరావు రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. రెండో విడత కట్టలేక బాపులపాడు తోట వదిలేశాడు, ఇచ్చిన బయానా పోయింది. మైలవరం వైపు పట్టిన తోట ఒక్కటే మిగిలింది. దానికి మధ్యాహ్నం వెళ్ళి చీకటి పడేలోగా రావచ్చు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఏప్రిల్ నెలలో మొగుడు సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో ఉన్నాడు.

ఇంట్లో ఉన్న మగవాడు అంటే పుష్పావతి మనసులో ఉన్నది సుభాష్. ఇంట్లో ఉన్నది నారాయణరావు. కాలు మీద కాలేసుకుని ఫోన్లో మార్కెట్ ధరలు చూస్తాడు. సాంబారులో ఏదో తక్కువైంది అంటాడు, ఏది తక్కువైందో చెప్పలేడు. కూతురు ఏ కాలేజీలో చదువుతోందో తెలుసు గాని ఏ గ్రూపో తెలియదు. మొదటి పది రోజులు తండ్రీకూతుళ్ళు భోజనాల దగ్గర బస్సులో పక్క సీట్లవాళ్ళలా కూర్చుని తిని లేచారు. పదకొండో రోజు ఆయన కంచం ముందు నుంచి లేచి గోడ అవతలికి తమ్ముడితో మాట్లాడ్డానికి వెళ్ళిపోయాడు. గంటన్నర రాలేదు. అక్కడ ఆయన నవ్వు కూడా వినిపించింది. ఇరవై ఏళ్ళ కిందటి ఏదో తోట బేరం కథ పిల్లలకి చెబుతున్నాడు. ఆ కథ పుష్పావతి ఎన్నడూ వినలేదు. సోఫాలో కూర్చుని చివరిదాకా విన్నది, వింటూ ఉడుక్కున్నది.

మే మొదటి తారీఖున డబ్బు పట్టుకుని వెళ్ళినప్పుడు ఆమె సరిగ్గా వాళ్ళ భోజనాల వేళకే వెళ్ళింది. కావాలనే. ఇన్నాళ్ళూ విన్నది కళ్ళతో చూస్తే ఏముందో తెలుస్తుందనుకుంది. ఏమీ లేదు. చాప మీద పప్పు గిన్నె, వంకాయ కూర, ఒక వెలుగు తక్కువ బల్బు. సుభాష్ వదినగారూ రండి అన్నాడు గాని మునుపటిలా కళ్ళెత్తి అనలేదు. మనోజ్ఞ డబ్బు తీసుకుని లెక్కపెట్టుకుంది. కూర్చోమనలేదు. యోగిత తల్లి వైపు చూసి, తలొంచుకుని తినసాగింది. పిల్లకి ఎవరు చెప్పారో పుష్పావతి అడగలేదు.

జూన్‌లో కోతలు అయ్యాయి. లక్ష్మీనరసింహారావు కాయలన్నీ దింపుకుని పోయాడు, ఒక్క టెంకలోనూ పురుగు లేదు. వచ్చే ఏడు మంచి ధర ఇస్తానన్నాడు, ఈ ఏటి డబ్బు ఊసెత్తలేదు. నారాయణరావు మైలవరం తోట మీద ఎనభై వేలు మిగుల్చుకున్నాడు. తోటలు తగ్గాక కారు గుమ్మం ముందు ఊరికే ఉంటోంది, దాని వాయిదా మాత్రం నెలనెలా పోతోంది. అమ్మేద్దామని పుష్పావతి అంది. బేరాలకి ఎట్లా వెళ్ళేది అన్నాడు. ఒక్క తోటకి బస్సు చాలదా అంది. రెండు వారాలు ఆలోచించి జూలైలో అమ్మాడు. ఫైనాన్సు వాళ్ళది పోగా వచ్చింది, తోట మీద మిగిలింది కలిపి పదిహేడు లక్షల్లోంచి మూడున్నర తగ్గింది. ఆ రోజు ఆయన సైకిలు మాట తమ్ముణ్ణి అడగలేదు. అడగకుండానే సుభాష్ తన సైకిలుకి గాలి కొట్టించి అన్న వాకిట్లో పెట్టి వెళ్ళాడు, ఆదివారం తనకి అక్కర్లేదని.

మనోజ్ఞ ఇప్పుడు మాట్లాడుతుంది. అవసరమైనంత. యోగిత వారానికి రెండు రోజులే ఇంట్లో తింటోంది, అదీ తండ్రి ఉన్న రోజుల్లో. గోవిందమ్మ వంతులు అలాగే సాగుతున్నాయి. రెండిళ్ళలోనూ అప్పు ఉంది కాబట్టి ఆవిడకి ఎక్కడున్నా ఒకటే. సుభాష్ బాకీ దసరాకల్లా తీరిపోతుందని మళ్ళీ అనుకుంటున్నారు. పుష్పావతి ఇచ్చే మూడున్నర వేలు నేరుగా అందులోకే పోతున్నాయి. పక్కింటి అప్పు తీరడానికి తన గేదె పాలిస్తోందన్న సంగతి పాలకేంద్రంలో క్యాను దింపిన ప్రతిసారీ ఆమెకి చురుక్కుమంటుంది. అయినా దాణా తగ్గించలేదు, నీళ్ళు కలపలేదు.

ఆగస్టు ఒకటిన నాలుగో వాయిదా కట్టింది. ఇంకా ఎనిమిది ఉన్నాయి. ఇరవై ఎనిమిది వేలు.